దుప్పటికి రెండు కొసలు

ఆస్పత్రి అడుగంతస్తులో, బట్టలు ఉతికే గదిలో, తోడికోడళ్ళిద్దరూ దుప్పటికి చెరో కొస పట్టుకుని మనస్తత్వశాస్త్రం చదువుకునేవాళ్ళు. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. వాళ్ళకి మాత్రం అంతకన్నా గతి లేదు. ఇంట్లో పుస్తకం తెరిస్తే ఎవరో ఒకరు పిలుస్తారు. బస్సులో తెరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. దుప్పట్లు మడత పెట్టేటప్పుడు చేతులకి పనుంటుంది గానీ నోటికి ఉండదు. అప్పుడు చదువుకుందామన్న ఆలోచన పెద్దకోడలిదే.

పెద్దకోడలికి మోకాలి నొప్పి. అందుకని ఆమె బీరువాకి వీపు ఆనించి, తన కొస పట్టుకుని కదలకుండా నిలబడేది. చిన్నకోడలు అవతలి కొస పట్టుకుని దుప్పటిని సాగదీసి, దులిపి, రెండు మూలలూ కలిపి ఆమె దగ్గరికి నడిచి వచ్చేది. ఆ నడకలోనే పాఠం. పెద్దకోడలు పేరు చెప్పేది, చిన్నకోడలు అర్థం చెప్పేది.

"ప్రక్షేపణం!"

"మనలో ఉన్న తప్పుని ఎదుటివాళ్ళకి అంటగట్టడం."

"దమనం!"

"తలుచుకుంటే భరించలేని సంగతిని మనకి తెలీకుండానే మనసు అడుక్కి తొక్కేయడం. అక్కా, మూల జారింది, సరిగ్గా పట్టుకో."

"పునర్బలనం!"

"మంచి జరిగితే ఆ పని మళ్ళీ మళ్ళీ చేయాలనిపించడం."

పక్కన తువ్వాళ్ళు సర్దే ముసలామెని అందరూ గొణుగుడమ్మ అనేవాళ్ళు. ఆమెకి ఈ తంతు అంతా వేళాకోళంగా ఉండేది. "దుప్పట్లకి దయ్యం పట్టినట్టుంది. ఒకటి పిలుస్తుంది, ఇంకోటి పలుకుతుంది," అనేది. ఆమె కూడా అదే పరీక్షకి కూర్చోవాలి. కానీ పుస్తకం అట్ట కూడా తిప్పలేదు. "ఈ వయసులో నాకు మనసు గురించి పాఠాలేంటే? ఉన్న మనసే అరిగిపోయింది," అని గొణిగి ఊరుకునేది.

పరీక్ష ఊరికే రాలేదు. ఉతికే పని ఇక బయటి కంపెనీకి ఇచ్చేస్తామని ఆస్పత్రివాళ్ళు తేల్చేశారు. నెలాఖరుకి కింది గదికి తాళం. కింద పనిచేసేవాళ్ళలో ఎవరైతే మనస్తత్వశాస్త్రం మొదటి పాఠాలు నేర్చుకుని పరీక్ష గట్టెక్కుతారో, వాళ్ళని పైన వార్డుల్లో రోగుల దగ్గర ఉండే పనికి తీసుకుంటారు. తక్కినవాళ్ళకి దణ్ణం. మొదటిసారి పెట్టిన పరీక్షలో తోడికోడళ్ళిద్దరూ తప్పారు. ఈ దుప్పటి చదువు ఆ తరవాతే మొదలైంది. ఇంకొక్క అవకాశం ఇచ్చారు, అంతే.

చిన్నకోడలు తప్పినా పెద్ద ఇబ్బంది లేదు. ఆమె మొగుడికి పనుంది. పెద్దకోడలి మొగుడు పనిచేసే కార్ఖానా మూతపడి చాలాకాలమైంది. ఈమె పని కూడా పోతే ఇద్దరూ మరిది పెట్టే తిండి తినాలి. ఒకే గడపలో, ఒకే పొయ్యి ముందు, తోడికోడలి చేతికింద. ఆ మాట తలుచుకుంటేనే పెద్దకోడలికి ముద్ద దిగేది కాదు.

పరీక్ష రేపనగా, వాళ్ళ మీద అజమాయిషీ చేసే ఆవిడ గదిలోకి వచ్చింది. ఆవిడకి గద్ద అని పేరు. ఎక్కడ ఎవరు ఊపిరి పీల్చుకుంటున్నా అక్కడ వాలిపోతుంది. "ఇస్త్రీ గదిలో మనిషి తక్కువైంది. చిన్నామె, నువ్వు పద," అంది. చిన్నకోడలు వెళ్ళిపోయింది. దుప్పటి అవతలి కొస గొణుగుడమ్మ చేతికొచ్చింది.

పెద్దకోడలు అలవాటు కొద్దీ, "హేతుకరణం!" అంది.

"ఏ కారణమూ లేదు. దుప్పటి లాగు," అంది గొణుగుడమ్మ.

"అది కాదు పిన్నీ, అది పాఠం."

"అయితే నువ్వే చెప్పుకో."

నిజమే కదా, నేనే చెప్పుకుంటాను అనుకుంది పెద్దకోడలు. హేతుకరణం అంటే... నోరు తెరిచింది. లోపలినుంచి ఏమీ రాలేదు. పోనీ ఇంకోటి చూద్దామనుకుంది. దమనం అంటే... ఆ మాట గది నడిబొడ్డున బోసిగా నిలబడింది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. విస్థాపనం, ప్రక్షేపణం, పునర్బలనం. పేర్లన్నీ గొలుసుకట్టుగా వస్తున్నాయి గానీ ఒక్కదానికీ అర్థం లేదు. చేతిలో దుప్పటి కిందకి జారింది.

"ఏమైందే, మొహం పాలిపోయింది?" అంది గొణుగుడమ్మ.

పెద్దకోడలు కుంటుకుంటూ ఇస్త్రీ గదికి పరిగెత్తింది. ఆ గదిలో ఆవిరి మసకగా కమ్ముకుని ఉంది. చిన్నకోడలు తలగడ గలీబుల మీద ఇస్త్రీ పెట్టె తోస్తోంది.

"విస్థాపనం అంటే ఏంటి?"

"ఒకళ్ళ మీద కోపం వాళ్ళ మీద చూపించలేక ఇంకొకళ్ళ మీద చూపించడం. ఎందుకక్కా ఆ కంగారు?"

"నాకు రావట్లేదు. ఒక్కటీ రావట్లేదు!"

చిన్నకోడలు పెట్టె పక్కన పెట్టి ఆమె కేసి చూసింది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పుస్తకంలో పేర్లు లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి. అర్థాలు చీమల బారులా ఉన్నాయి. పెద్దకోడలికి కంటిచూపు తక్కువ, పైగా కూడబలుక్కుని చదువుతుంది. అందుకని లావు అక్షరాలు తను తీసుకుంది, సన్నవి తోడికోడలికి వదిలేసింది. మొదటి రోజునుంచీ అదే వాటా. అవతలి మనిషి అర్థం చెబుతుంటే తను తరువాతి పేరు ఏమిటా అని వెతుక్కునేది. పరీక్షలో అడిగేది పేరు. చెప్పాల్సింది అర్థం. అంటే చిన్నకోడలి దగ్గరున్న సగమే పనికొచ్చే సగం.

"నువ్వెందుకు చెప్పలేదు?" అని అరిచింది పెద్దకోడలు. "ఒక్కసారైనా కొసలు మార్చుకుందాం అనలేదేం? నీకు వచ్చేస్తోంది కదా, ఇంకేం!"

"బాగుందే! కదలనన్నది నువ్వు, మోకాలన్నది నువ్వు. నీ తప్పు తెచ్చి నా నెత్తిన రుద్దుతావా?"

"ప్రక్షేపణం!" అంది పెద్దకోడలు.

అనుకోకుండా వచ్చింది. తుమ్ములా వచ్చింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. చిన్నకోడలికి నవ్వొచ్చింది గానీ, తోడికోడలి మొహం చూసి మింగేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ బయటికి తీశారు. ఈసారి చిన్నకోడలు నిలబడి పేరు చెప్పింది. పెద్దకోడలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చింది. మూలలు కలిశాయి. మాట కలవలేదు. మళ్ళీ విప్పారు, మళ్ళీ నడిచింది. ఒకటి రెండు అర్థాలు నోటికొచ్చాయి. మూడోది పట్టుకునేసరికి మొదటిది జారిపోయింది. మంచం మీద కూర్చున్న అత్తగారు కాసేపు చూసి చూసి, "ఏమర్రా, ఉతికిన దుప్పట్లు మళ్ళీ మాపడానికా ఈ ఊరేగింపు?" అంది.

"రేపు పరీక్ష అత్తయ్యా," అంది చిన్నకోడలు.

"మీ ఇద్దరికీ కలిపి ఒకటే బుర్ర ఇచ్చినట్టున్నాడు దేవుడు. రేపు ఆ బుర్ర ఎవరు పట్టుకెళ్తారో ముందే తేల్చుకోండి."

పెద్దకోడలి మొగుడు వాకిట్లోంచి, "పోతే పోయిందిలే, ఉద్యోగాలు గొడ్డుపోయాయా?" అన్నాడు. ఆ మాట ఆయన తన పని పోయిన రోజు కూడా అన్నాడు. పెద్దకోడలు ఆయన కేసి చూడలేదు.

అత్తగారు కునుకు తీశాక పెద్దకోడలు దుప్పటి వదిలేసి నేలమీద చతికిలబడింది. గొంతు తగ్గించి అంది. "ఒక మాట అడుగుతాను, తిట్టకు. రేపు నువ్వు వెళ్ళకు."

"వెళ్ళకుండా?"

"ఒంట్లో బాలేదని చెప్పు. ఇద్దరం తప్పితే పాపమని ఇద్దరికీ మళ్ళీ పెడతారేమో."

"పెట్టరని నీకూ తెలుసు కదక్కా. నేను వెళ్ళకపోతే నీకేం ఒరుగుతుంది?"

పెద్దకోడలు నేలమీది దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "పని పోయేది నా ఒక్కదానిదే కాకుండా ఉంటుంది," అంది చివరికి.

చిన్నకోడలు చేతిలో దుప్పటిని గడ్డం కింద నొక్కిపట్టి, ఒక్కతే మడత పెట్టి, బీరువాలో పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఒక్క మనిషి మడత పెడితే దుప్పటి వంకరగానే వస్తుంది. అలాగే వచ్చింది.

మర్నాడు పొద్దున పెద్దకోడలు లేచేసరికి చిన్నకోడలు వెళ్ళిపోయింది. రోజూ ఒకే బస్సు ఎక్కేవాళ్ళు. ఆ రోజు పెద్దకోడలు ఒక్కతే ఎక్కింది. దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. పక్కన కూర్చున్నావిడ జపం చేసుకుంటోందనుకుని జరిగి చోటిచ్చింది. ఆస్పత్రి మెట్లెక్కుతుంటే ఆ ఉన్న రెండు అర్థాలూ కూడా ఒలికిపోయినట్టనిపించింది. వెనక్కి పోదామా అనుకుంది. వెనక్కి పోయి ఏం చేయాలి? మరిది పెట్టిన కంచం ముందు కూర్చోవాలి.

పరీక్ష పై అంతస్తులో, శిక్షణ గదిలో. వరండాలో బల్ల మీద ఉతికే గది వాళ్ళంతా వరసగా కూర్చున్నారు. వాళ్ళలో గొణుగుడమ్మ కూడా ఉంది. ఆ రోజు ఆమె గొణగడం లేదు, గోళ్ళు కొరుకుతోంది. తలుపు తెరుచుకుని చిన్నకోడలు బయటికొచ్చింది. గట్టెక్కినట్టు మొహమే చెబుతోంది. నేరుగా వెళ్ళిపోతుందనుకుంది పెద్దకోడలు. చిన్నకోడలు వచ్చి ఆమె ముందు వంగి కూర్చుంది.

"నిన్నటిది నేనేం మనసులో పెట్టుకోలేదు. పెట్టుకున్నాను గానీ, అది తరవాత చూసుకుందాం. విను. పేరు పట్టుకుని అర్థం వెతక్కు. నీకు అలా రాదు. ఏదో ఒకటి జరిగింది చెప్పు. మనం తిట్టుకున్నప్పుడు వచ్చింది చూడు, అలా పేరు అదే వస్తుంది."

"ఆవిడ అడిగిన పేరు రావాలి కదే!"

"వచ్చేదాకా చెప్పు. ఆపకు. ఆపితే చచ్చామే."

లోపల శిక్షకురాలు కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్నపిల్లలాగే ఉంది గానీ పొద్దున్నుంచీ విన్న తప్పులకి మొహం వడిలిపోయి ఉంది. గోడ మీద గడియారం పెద్ద చప్పుడు చేస్తోంది. "కూర్చోండి. పది పేర్లకి గాను సగం పైన చెప్పాలి. అర్థం, ఒక ఉదాహరణ. మొదలుపెడదామా? విస్థాపనం."

పెద్దకోడలి చేతులు వాటంతట అవే లేచి గాల్లో రెండు మూలలు పట్టుకున్నాయి. ఎదురుగా నడిచి వచ్చే మనిషి లేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు మేడం. చెబుతాను. మా అత్తయ్య ఉంది మేడం. కళ్ళజోడు ఎక్కడో తనే పెట్టి మర్చిపోతుంది. ఆ మతిమరుపు మాకు అంటగట్టి, మీకు బుర్రలు లేవర్రా, తీసిన వస్తువు తీసినచోట పెట్టరు అని మమ్మల్ని తిడుతుంది. అది... అది ప్రక్షేపణం. ఇది కాదు మేడం, ఆగండి."

శిక్షకురాలు కలం ఎత్తి చూసింది.

"మా ఆయనకి పని పోయింది. ఆ కార్ఖానా గాలి ఒంటికి పడేది కాదు, పోవడమే మంచిదైంది అంటాడు. పోయిన రోజు మాత్రం అన్నం తినలేదు. అది హేతుకరణం. ఇదీ కాదు. మా కింది గదిలో ఒకసారి గొట్టం పగిలి నీళ్ళు కారాయి. అందరం చూశాం. ఎవరో ఒకరు చెబుతారులే అని ఎవరికి వాళ్ళం ఊరుకున్నాం. మడమల దాకా వచ్చాయి మేడం నీళ్ళు! అది ప్రేక్షక ప్రభావం. అబ్బా, ఇదీ కాదు!"

"అమ్మా, నేనడిగింది..."

"వస్తుంది మేడం, దగ్గర్లోనే ఉంది. మాకొక ఆవిడ ఉంది, మా మీద అధికారి. ఆవిడ తాళంచెవుల గుత్తి చప్పుడైతే చాలు, ఆవిడ కనపడకముందే నాకు కడుపులో తిప్పుతుంది. ఒకసారి మా మరిది తాళాలు చప్పుడు చేస్తే ఇంట్లో కూడా తిప్పింది. అది నిబంధనం. కుక్కా, గంటా. ఇది కాదు. ఆవిడ తిడితే ఎదురు చెప్పలేను కదా. ఇంటికెళ్ళి గిన్నెలు విసిరేస్తాను. మా ఇంట్లో సొట్ట పడని గిన్నె లేదు మేడం. కోపం ఆవిడ మీద, దెబ్బలు గిన్నెలకి. విస్థాపనం! ఇదే! ఇదే మేడం!"

ఆమె చెమటతో తడిసిపోయింది. శిక్షకురాలు గడియారం కేసి చూసి, కాగితం మీద ఏదో గీసి, తరువాతిది అడిగింది. అదీ అంతే. దమనం అడిగితే పునర్బలనం దొరికింది, స్వల్పకాలిక స్మృతి దొరికింది, యంత్రాల హోరు కొన్నాళ్ళకి చెవికి వినపడకుండా పోవడం దొరికింది. కావలసింది ఎక్కడో మూలన దొరికేసరికి ఇచ్చిన సమయంలో సగం పైగా గడియారం తినేసింది. చీకటి గదిలో చెప్పు కోసం తడుముకున్నట్టుంది ఆమె పని. చేతికి తగలనిది లేదు, అడిగింది తప్ప. మూడోది దొరకనే లేదు. నాలుగోదానికి నోరు తెరిచేసరికి శిక్షకురాలు కలం మూసింది.

"సమయం అయిపోయిందమ్మా."

"ఎన్నొచ్చాయి?"

"రెండు. చాలవు."

"నేను చెప్పినవి చాలా ఉన్నాయి మేడం!"

"చెప్పారు. బాగానే చెప్పారు. కానీ నేను అడగనివాటికి మార్కులు వేయలేను. బయట వేరేవాళ్ళు ఉన్నారు, లేవండి."

పెద్దకోడలు లేవలేదు. లేవకూడదని అనుకోలేదు, కాళ్ళు రాలేదు. లేస్తే ఆ తలుపు, ఆ మెట్లు, ఆ బస్సు. బస్సు దిగితే ఆ ఇల్లు. కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకుంది.

"అయితే అవే అడగండి."

"ఏవి?"

"నేను చెప్పినవే. ఇప్పుడు పేరు పెట్టి అడగండి. మీ కాగితంలో అవి కూడా ఉంటాయి కదా."

"అలా కుదరదు..."

"ఏవి అడగాలో మీ ఇష్టమే అన్నారు మేడం, మొన్న పాఠంలో. నా ఇష్టం, ఏదైనా అడుగుతాను, మొత్తం చదవండి అన్నారు. మీ ఇష్టమైతే అవి అడగండి. కాదంటే పిలవండి ఎవరినైనా, నన్ను కుర్చీతో సహా మోసుకెళ్ళమనండి. నేను మాత్రం లేవలేను. నిజంగా లేవలేను మేడం."

ఏడవకూడదనుకుంది గానీ ముక్కు కారింది. శిక్షకురాలు కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకుని, తలుపు కేసి చూసింది. తరవాత కాగితం తన ముందుకి లాక్కుంది. కోపంగా లాక్కుందో, జాలిగా లాక్కుందో పెద్దకోడలికి తెలియలేదు.

"ప్రక్షేపణం."

పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. ఈసారి పేరు బోసిగా లేదు. దాని పక్కన అత్తగారు కూర్చుని కళ్ళజోడు వెతుక్కుంటోంది.

"మన తప్పుని ఎదుటివాళ్ళకి అంటగట్టడం. మా అత్తయ్య, కళ్ళజోడు."

"హేతుకరణం."

"మనసు నొచ్చుకోకుండా ఉండటానికి పైకి మంచి కారణం చెప్పుకోవడం. మా ఆయన, కార్ఖానా." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"నిబంధనం."

"సంబంధం లేని రెండు సంగతులు మాటిమాటికీ కలిసొస్తే, ఒకటి రాగానే ఒళ్ళు రెండోదానికి సిద్ధమైపోవడం. తాళంచెవులు."

"ప్రేక్షక ప్రభావం."

"మంది ఎక్కువైన కొద్దీ నాది కాదులే అనుకోవడం. మడమల దాకా నీళ్ళు."

ఆమెకే వింతగా ఉంది. ఎవరో వెనకనుంచి అందిస్తున్నట్టుగా ఉంది. ఎవరూ అందించడం లేదు. ఇవన్నీ తను తడుముకుంటూ తీసిన సంగతులు, తన ఇంట్లోవి, తన ఒంట్లోవి.

శిక్షకురాలు కూడిక వేసింది. మళ్ళీ ఒకసారి వేసింది. "ఆరు. బొటాబొటీగా వచ్చింది," అంది. "ఒక్కటి తగ్గినా పోయేది. వెళ్ళండి, నేను మనసు మార్చుకోకముందే వెళ్ళండి."

పెద్దకోడలు బల్ల పట్టుకుని లేచింది. తలుపు దాకా ఎలా వచ్చిందో తెలియదు.

వరండాలో చిన్నకోడలు నిలబడి ఉంది. మొహంలోకి చూసి, ఆమె మోచెయ్యి కింద చెయ్యి వేసి బరువు తన మీద వేసుకుంది. పెద్దకోడలు తల ఊపింది. రాత్రి అడిగిన మాట ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. అది ఇంటికెళ్ళాక గానీ తేలదు.

ఇంతలో గొణుగుడమ్మ పెద్దకోడలి ఏప్రన్ పట్టుకుని లాగింది. "ఏం అడిగిందే? చెప్పు. తరవాత నేనే. నాకు ఒక్క ముక్క రాదు. ఏం అడిగింది?"

"ఏం అడగలేదో అది అడుగు పిన్నీ."

"పరాచికాలాడకే, నీకు పుణ్యముంటుంది! నాకు వెనకాముందూ ఎవరూ లేరు. ఈ పని పోతే నేనెక్కడికి పోను?"

పెద్దకోడలి మొహంలో నవ్వు ఆరిపోయింది. తలుపు తెరుచుకుంది. లోపలినుంచి పిలుపు వచ్చింది. గొణుగుడమ్మ కదలలేదు. పెద్దకోడలు తోడికోడలి చెయ్యి విడిపించుకుని ఆమె భుజాలు పట్టుకుంది.

"జరిగింది చెప్పు పిన్నీ. నీకు జరిగినవే, ఒకటి తరవాత ఒకటి చెబుతూ పో. ఆపకు."

"నాకేం జరిగిందే చెప్పడానికి?"

"ఇన్నేళ్ళూ గొణుగుతూనే ఉన్నావుగా, దేని గురించి గొణిగావు? అది కాస్త గట్టిగా చెప్పు."

"పేర్లు రావే నాకు!"

ఆ మాటకి పెద్దకోడలు చిన్నకోడలి కేసి చూసింది. ఆమె తల అడ్డంగా ఊపింది. లోపలినుంచి రెండోసారి పిలిచారు. గొణుగుడమ్మ ఏప్రన్‌తో మొహం తుడుచుకుని, పెదాలు కదుపుతూ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. తోడికోడళ్ళిద్దరూ ఇంటికి బయల్దేరలేదు. తలుపుకి చెరో పక్కన గోడకి ఆనుకుని, లోపలినుంచి మాట వినపడుతుందేమోనని నిలబడ్డారు.